ఆదివారం ఈల

జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లా పల్లెల్లో ఆదివారం ఆరాధన ముగిసేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. పెద్దలు చర్చి ఆవరణలోని చెట్టు నీడన నిలబడి వాన గురించీ, వడ్ల ధర గురించీ, ఢిల్లీకి పనికి వెళ్లిన కూతురి నుంచి ఫోను రాకపోవడం గురించీ మాట్లాడుకుంటారు. పిల్లలకు అంత ఓపిక ఉండదు. ప్రార్థనకు వేసుకున్న మంచి బట్టలు ఇంట్లో విప్పి పారేసి, కోత కోసిన వరిమడిలోకి పరుగెడతారు. మడి ఒకవైపు వాలి ఉంటుంది. బంతి ఎప్పుడూ పల్లానికే పోతుంది గనుక సగం ఆటలో జట్లు వైపులు మార్చుకోవడం అక్కడ పుస్తకంలో రాసిన నియమంగా గాక సహజ న్యాయంగా అమలవుతుంది. రెండు రాళ్లు పెడితే గోలు. వంపు తిరిగిన వెదురు కర్ర స్టిక్కు. వెదురు వేరును గుండ్రంగా చెక్కితే బంతి. కాళ్లకు బూట్లున్నవాడు ఒక్కడుంటే, వాడిని మిగతావారు కాస్త అనుమానంగానే చూస్తారు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లా జనంలో సగానికి పైగా క్రైస్తవులు. ముండాలు, ఉరావులు, ఖడియాలు. 1845లో జర్మనీ నుంచి గాస్నర్ మిషనరీలు రాంచీకి వచ్చారు. నలభై ఏళ్ల తరువాత, 1885లో, బెల్జియం జెస్యూట్ కాన్‌స్టంట్ లీవెన్స్ ఛోటానాగ్‌పుర్‌లో అడుగుపెట్టి, భూమి తగాదాల్లో ఆదివాసుల పక్షాన కోర్టుల మెట్లెక్కడం నేర్చుకున్నాడు. బడి, ఆసుపత్రి, ప్రార్థనా పుస్తకం వచ్చిన దారినే హాకీ కర్ర కూడా వచ్చింది. ఆ కర్ర పక్కనున్న ఒడిశా సుందర్‌గఢ్ జిల్లాదాకా పాకింది. 1972 మ్యూనిక్ కాంస్య పతకం, 1975 ప్రపంచకప్ జట్టులో ఉన్న మైకేల్ కిండో. 1980 మాస్కో స్వర్ణ జట్టులోని సిల్వానుస్ డుంగ్‌డుంగ్. సౌనామారా గ్రామం నుంచి భారత జట్టు నాయకత్వం దాకా వెళ్లిన దిలీప్ తిర్కీ. ఇప్పటి మహిళా జట్టు నాయకురాలు సలీమా టేటే. అందరి ఊళ్లనూ ఒక పటం మీద గుర్తు పెడితే అరచేతి కింద దాగిపోతాయి. రాజధానిలో హాకీ మీద వ్యాసాలు రాసేవారు దీన్ని ‘సహజ ప్రతిభ’ అంటారు. ఆదివాసికి అడవి సహజం, దారిద్ర్యం సహజం, ఇప్పుడు పరుగు కూడా సహజం. నూటయాభై ఏళ్ల చరిత్రను ఒక్క విశేషణంతో తుడిచిపెట్టడం ఎంత సులువో!

ఈ ఊళ్ల పోటీల్లో కప్పులుండవు. గెలిచిన జట్టుకు ఖస్సీ ఇస్తారు, అంటే మాంసానికి పెంచిన మేకపోతు. చిన్న పోటీ అయితే కోడిపుంజు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పరుగుపందెం ప్రస్తావన తెచ్చి, పరుగెత్తేది అందరూ, బహుమానం ఒక్కడికే అని గుర్తుచేస్తాడు. ఆ ఒక్కడికీ దక్కేది వాడిపోయే కిరీటమేనని హెచ్చరిస్తాడు. కొరింథు పక్కనే జరిగే ఇస్త్మియన్ క్రీడల్లో విజేత తలకు సెలెరీ ఆకులో, పైన్ రెమ్మలో చుట్టేవారు. ఆ రీతిన చూస్తే సిమ్డేగా బహుమానమే మెరుగు. వాడిపోయేలోగా వండుకు తినవచ్చు. పైగా మేకను ఒక్కడు తినలేడు. జట్టు తింటుంది, జట్టు వెంట నడిచి వచ్చిన తమ్ముళ్లు తింటారు, ఆట మొత్తంలో ఒక్కసారి కూడా బంతి ముట్టని పిల్లవాడు అందరికన్నా ముందు ఆకు వేసుకుని కూర్చుంటాడు. క్రైస్తవంలోని ఒక పెద్ద చిక్కు ఇక్కడ, ఈ ఆకు ముందు, తేలిగ్గా విప్పుకుంటుంది. అయితే దాన్ని విప్పడానికి చర్చి తానుగా పిల్లలకు ఆట నేర్పలేదు. దాని ఉద్దేశం వేరు.

పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలంలో ఇంగ్లండులో ‘కండబలపు క్రైస్తవం’ అనే ఊహ పుట్టింది. చార్లెస్ కింగ్స్‌లీ, 1857లో ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’ రాసిన థామస్ హ్యూస్ దీనికి పెద్ద దిక్కులు. దేహదారుఢ్యం, క్రమశిక్షణ, దెబ్బకు వెరవనితనం క్రైస్తవ సుగుణాలని వారి వాదం. ఇంగ్లండు బడి మైదానంలో తయారైన ఈ సరుకును మిషనరీలు వలసలకు మోసుకొచ్చారు. శ్రీనగర్‌లో టిండేల్-బిస్కో కథ ఇందుకు అతి నికార్సయిన సాక్ష్యం. 1890లో అక్కడికి చేరిన ఆయన, మరుసటి ఏడు తోలు ఫుట్‌బాల్ తెచ్చాడు. తోలు ముట్టమని పండిత కుటుంబాల పిల్లలు మొరాయించారు. చుట్టూ ఉపాధ్యాయులను కర్రలతో నిలబెట్టి ఆడించాడు. ఒక పిల్లవాడి ముఖానికి బంతి తగిలితే, మైలపడ్డానని వాడు ఏడ్చాడు. వాడిని కాలువ దగ్గరికి తీసుకెళ్లి కడిగించి, మళ్లీ ఆటలోకి తోయించాడు. దీన్నంతా ఆయనే స్వయంగా, సంతోషంగా రాసుకున్నాడు. తోలు మీది మైల ఎంత అమానుషమో చెప్పనక్కర్లేదు; ఆ మైల భావన తలకింద ఎన్ని తరాల అవమానముందో తెలిసినవారెవరూ ఆ పిల్లల మొరాయింపును మెచ్చుకోరు. కానీ కర్ర చూపించి ఆడించిన ఆటలో సువార్త ఎంత? ఏడుస్తున్న పిల్లవాడిలో ‘మగాడి’ని తయారు చేయాలనుకున్నవాడు, ఒక చిన్నపిల్లవాడిని శిష్యుల నడుమ నిలబెట్టి అలా మారమని పెద్దలకు చెప్పిన గురువు పేరిట ఆ పని చేశాడు.

ఛోటానాగ్‌పుర్ మిషన్ బడులు ఆ పని చేయలేదనేమీ కాదు. విధేయుడైన గుమాస్తా, నమ్మకమైన ఉపదేశి, బూటు పాలిష్ మరవని సైనికుడు అక్కడా తయారయ్యారు. కానీ మైదానం ఒక విచిత్రమైన చోటు. బోధకుడు ఒక పాఠం చెబుతాడు, బంతి మరొకటి నేర్పుతుంది. ఖుంటీ దగ్గరి టకరా గ్రామంలో 1903లో పుట్టి, రాంచీ సెయింట్ పాల్స్ బడిలో చదివి, మిషనరీ ప్రాపకంతో ఆక్స్‌ఫర్డ్ చేరిన జైపాల్ సింగ్ ముండా జీవితమే ఉదాహరణ. ఐసీఎస్‌కు ఎంపికై శిక్షణలో ఉండగా, 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడు కమ్మని పిలుపు వచ్చింది. సెలవు ఇవ్వమన్నారు. సెలవు లేకుండానే వెళ్లాడు. ఫైనల్‌కు ముందే జట్టును విడిచాడు. ఆయన లేకుండానే జట్టు నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. తిరిగి వెళితే మరో ఏడాది శిక్షణలో కూర్చోమన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదులుకున్నాడు. తెల్లదొరలకు విధేయుడిని తయారుచేసే ఆట చివరికి వారి కొలువునే కాలదన్నేవాడిని తయారుచేసింది. ఆ మనిషే 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో లేచి, అడవి మనిషినని చెప్పుకోవడానికి గర్విస్తున్నానని, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరని, వారి నుంచే మీరు నేర్చుకోవాలని నెహ్రూ ప్రభృతుల సమక్షంలో అన్నాడు. ఆ మాట ఊరి పంచాయతీల్లోంచి వచ్చిందని చరిత్రకారులు సరిగానే చెబుతారు. వాలుమడిలో వైపులు మార్చుకునే పిల్లల ఆటను చూసినవారికి అది మరోచోటు నుంచి కూడా వచ్చి ఉండవచ్చనిపిస్తుంది.

ఇప్పుడు ఆ పల్లెల్లో ఆట వెనుక ఒత్తిడి వేరు. క్రీడా హాస్టల్ సీటు కోసం ఎంపిక పోటీలు జరుగుతాయి. పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు వరుసలో నిలబడతారు. ఎంపికైతే మూడు పూటలా అన్నం, పాలు, గుడ్డు, నీలిరంగు కృత్రిమ మైదానం; ఆ తరువాత అదృష్టం కలిసొస్తే రైల్వే కొలువు. కాకపోతే తిరిగి వరిమడి. ఆడపిల్లకైతే మరొక దారి కూడా ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. ఏజెంటు చేయిపట్టుకుని ఢిల్లీలో ఎవరి వంటింటికో చేరే దారి. అందువల్ల గట్టున నిలబడ్డ తల్లి కేకను పట్టణపు క్రీడా అకాడమీల్లో పిల్లలను చూసి కేకలు వేసే తల్లిదండ్రుల అరుపుతో కలపకూడదు. ఆమె కేకలో ఆశ కన్నా భయం ఎక్కువ. తన పిల్ల పక్కపిల్లకు బంతి అందిస్తే, ఆమె గుండె గుభేలుమంటుంది. అందిస్తే గోలు పక్కపిల్లది, సీటూ పక్కపిల్లదే. ఆదివారం ఉదయం అదే తల్లి దేహం ఒక్కటే, అవయవాలు అనేకం అన్న పౌలు మాట మీద ప్రసంగం విని, తల ఊపి వచ్చింది. మధ్యాహ్నానికి ఆ మాట ఆమె నోట నిలవదు. ఆమెను నిందించే హక్కు, ఆ పిల్లకు హాకీ తప్ప మరో ద్వారం తెరవని ఏ ప్రభుత్వానికీ లేదు, ఏ చర్చికీ లేదు.

పిల్లలు మాత్రం, విచిత్రంగా, ఇంకా అందిస్తూనే ఉంటారు. ఎంపిక చేసే పెద్దలు గట్టున లేని ఆదివారాల్లో మరీ.

మత్తయి సువార్తలోని ద్రాక్షతోట ఉపమానం ఆర్థికశాస్త్రం చదివినవారినీ, కష్టపడి పైకొచ్చినవారినీ సమానంగా చిరాకుపెడుతుంది. పొద్దున్నుంచి ఎండలో చాకిరీ చేసినవాడికీ, సాయంత్రం గంటసేపు పనిచేసినవాడికీ యజమాని ఒకే కూలి ఇస్తాడు. ఇది అన్యాయమని పొద్దుటివాడు సణుగుతాడు. రెండువేల ఏళ్లుగా ప్రసంగీకులు ఆ సణుగుడుకు జవాబులు వెతుకుతూనే ఉన్నారు. మేక మాంసం పంచుకునే చోట ఆ ప్రశ్నే పుట్టదు. చివర్లో దింపిన చిట్టిపిల్లవాడికీ ముక్క ఉంటుంది. ఎందుకని అడిగితే పిల్లలు ఆ ప్రశ్ననే వింతగా చూస్తారు. వాడు మన జట్టే గదా!

పిల్లలు దేవదూతలని ఇక్కడెవరూ అనడం లేదు. పదిమంది పిల్లల చేతుల్లో పది వెదురు కర్రలున్నచోట పది నిమిషాల్లో ఎవరి మోకాలో పగులుతుంది. మోసం జరుగుతుంది, బూతులు దొర్లుతాయి, బలవంతుడు బలహీనుడి చేతిలో కర్ర లాక్కుంటాడు. అందుకే ఈల పట్టుకునే పెద్దమనిషి ఒకరు కావాలి. ఆ ఈల ఆదివారం పట్టుకోవచ్చునా? క్రైస్తవ లోకంలో ఇది చిన్న ప్రశ్న కాదు. విశ్రాంతి దినాన్ని పాటించే విషయంలో చర్చికీ చర్చికీ పట్టింపు మారుతుంది. మిజోరంలో ఈనాటికీ ఆదివారం వీధులు బోసిపోతాయి, ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే ఆ రాష్ట్రంలో ఆ రోజు బంతి కదలదు. ఈ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో ఒక ఆటగాడు రెండు జవాబులిచ్చాడు. మొదటిది లోకమంతా ఎరుగును. రెండోది ఎరిగినవారు తక్కువ.

ఎరిక్ లిడెల్ స్కాట్లాండు మిషనరీ దంపతులకు 1902లో చైనాలోని తియాన్‌జిన్‌లో పుట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగులో బ్రిటన్ ఆశలన్నీ అతని మీదే. ప్రాథమిక పోటీలు ఆదివారం పడ్డాయి. పరుగెత్తనన్నాడు. దేశం కన్నా నీ ఆదివారం ఎక్కువా అని నిలదీసినవారున్నారు. అతను కదల్లేదు. అదే వారంలో, పెద్దగా అలవాటు లేని నాలుగు వందల మీటర్లు పరుగెత్తి 47.6 సెకండ్లలో స్వర్ణం గెలిచాడు. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమా కథ అక్కడితో ముగుస్తుంది. మరుసటి ఏడాదే అతను కీర్తిని వదిలి చైనాకు బోధకుడిగా తిరిగి వెళ్లాడు. యుద్ధం వచ్చింది. భార్యాపిల్లలను కెనడా పంపించాడు. అప్పటికి కడుపులో ఉన్న మూడో కూతురిని అతను ఎన్నడూ చూడలేదు. 1943లో జపాను సైన్యం అతన్ని షాన్‌డాంగ్‌లోని వైషియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. తల్లిదండ్రులు దగ్గర లేని బడిపిల్లలు ఎందరో అక్కడున్నారు. అతను వారికి సైన్సు చెప్పాడు, ఆటలు ఏర్పాటు చేశాడు, విరిగిన హాకీ స్టిక్కులకు గుడ్డపీలికలు చుట్టి అతికించాడు. పిల్లలకు అతను ఎరిక్ అంకుల్.

ఆదివారం మాత్రం ఆటల్లేవు. ఆ నియమం అతనిదే. ముళ్లతీగల మధ్య చేయడానికేమీ లేని కుర్రవాళ్లకు ఆదివారం కొండంత బరువు. ఒక ఆదివారం వారే హాకీ మొదలుపెట్టారు. చూసే పెద్ద లేడు. ఆట కొట్లాటగా మారింది. ఆ తరువాతి ఆదివారం కుర్రవాళ్లు మళ్లీ స్టిక్కులు పట్టుకుని వచ్చేసరికి మైదానంలో ఈలతో లిడెల్ నిలబడి ఉన్నాడు.

ఒలింపిక్ స్వర్ణం కోసం, రాజు కోసం, దేశం పరువు కోసం ఆదివారాన్ని వదులుకోనివాడు, కొట్టుకుంటున్న కొందరు పిల్లల కోసం వదులుకున్నాడు. అతను తన సూత్రాన్ని సడలించాడని కొందరు అంటారు. సూత్రం దేనికోసమో అప్పుడే అతనికి పూర్తిగా తెలిసిందనడం మరింత సరి. విశ్రాంతి దినం మనిషి కోసమే ఏర్పడిందని చెప్పిన గురువును అతను రోజూ చదివేవాడు. 1945 ఫిబ్రవరిలో, విముక్తికి ఆరు నెలల ముందు, మెదడులో కణితితో ఆ శిబిరంలోనే మరణించాడు. మతాన్ని రాజకీయ ఆయుధంగా పట్టుకు తిరిగే ఈ కాలంలో, ఏ మతంలోనైనా సరే, లిడెల్ మొదటి జవాబును మెచ్చుకునేవారు దొరుకుతారు. నియమం కోసం నిలబడ్డవాడు జెండా మీదికి బాగా పనికొస్తాడు. రెండో జవాబు ఏ జెండాకూ పనికిరాదు.

దేశానికి త్యాగం చేసే ఆటగాళ్లంటే ఇష్టం. 2019 జూన్‌లో హిరోషిమాలో భారత మహిళా జట్టు ఆడుతుండగా, మిజోరం అమ్మాయి లాల్‌రెమ్సియామి తండ్రి చనిపోయారు. ఆమె ఇంటికి వెళ్లకుండా సెమీఫైనల్ ఆడింది; దేశం శిరసు వంచింది. ఆ నిర్ణయం ఆమెది, దానికి దండం పెట్టవలసిందే. కానీ ఆమె తండ్రి అంత్యక్రియలకే వెళ్లి ఉంటే? అప్పుడూ అంతే ఆదరంతో చూసే దేశమైతే బాగుండును. కాదని చెప్పడానికి మూడేళ్లు పట్టలేదు. 2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో ఆ జట్టు అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడింది. అంతకు నాలుగు రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ చేసిన వందనా కటారియా ఇంటిముందు, హరిద్వార్ దగ్గరి ఊళ్లో, కొందరు బాణసంచా కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడారని కులం పేరిట దూషించారు. ఆ జట్టులోనే సిమ్డేగా నుంచి సలీమా టేటే, ఖుంటీ నుంచి నిక్కీ ప్రధాన్, సుందర్‌గఢ్ నుంచి దీప్ గ్రేస్ ఎక్కా ఉన్నారు. సలీమా ఇంట్లో ఆట చూడడానికి సరైన టీవీ కూడా లేదన్న వార్త పత్రికల్లో వచ్చాక, అధికారులు పరుగున వచ్చి ఒకటి బిగించారు. గోలు కొట్టేదాకా కనబడని ఇల్లు గోలు కొట్టగానే పటం మీదికి వస్తుంది.

ఆ ఇళ్ల మీద ఇప్పుడు మరో చర్చ నడుస్తోంది. క్రైస్తవం తీసుకున్న ఆదివాసులను షెడ్యూల్డ్ తెగల జాబితా నుంచి తొలగించాలని కొన్నేళ్లుగా ఛోటానాగ్‌పుర్‌లోనూ మధ్యభారతంలోనూ సభలు, ఊరేగింపులు సాగుతున్నాయి. రాజ్యాంగం 342వ అధికరణంలో తెగకు మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ షరతు పెట్టింది. దాని బరువేమిటో తెలుగునాట మాల, మాదిగ క్రైస్తవ కుటుంబాలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ షరతును తెగలకూ విస్తరించమంటున్నవారు సలీమా ఆడే రోజున టీవీ ముందు కూర్చుని జాతీయగీతానికి లేచి నిలబడేవారే. ఆడుతున్నంతసేపు భరతమాత బిడ్డ, ఆట ముగిశాక మతం మారిన మనిషి. పక్కవాడికి బంతి అందించే ముందు ఏ చర్చికి వెళతావని అడిగే పిల్లవాడిని ఇంతవరకు ఏ మైదానమూ చూడలేదు. సర్నా పూజించే ఇంటి పిల్లలు, కేథలిక్ పిల్లలు, లూథరన్ పిల్లలు ఆ వాలుమడిలో కలిసే ఆడతారు. గోలు దగ్గర గొడవ వస్తే, గొడవ బంతి గీత దాటిందా లేదా అన్నదాని మీదే.

సాయంత్రానికి ఎండ తగ్గుతుంది. చెట్టు కిందివారిలో ఒకరు, బడిపంతులో, ఉపదేశో, లేక ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడి మోకాలు పోగొట్టుకున్న రైతో, లేచి ధోవతి పైకి దోపుకుని మడిలోకి దిగుతాడు. ఈల లేకపోతే రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంటాడు. వాలు పక్కన ఉన్న జట్టు అప్పటికే మూడు గోల్స్ తిని ఉంటుంది. వైపులు మారమంటాడు. ఎత్తు మీద ఉన్నవారు గొణుగుతారు, ఇంకా రెండు నిమిషాలుందంటారు. చేతికి గడియారం లేని ఆ మనిషి ఆకాశం వంక ఒకసారి చూసి, లేదు, అయిపోయిందంటాడు. పిల్లలు కర్రలు ఈడ్చుకుంటూ పల్లానికి నడుస్తారు.